కూలిన ఇళ్ళ లెక్క: మన కార్యకర్తల బాధ్యత

(నిర్మాణ కార్మిక సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తుఫాను వెలిసిన మూడవ రోజునో నాలుగవ రోజునో నష్టం లెక్క వ్రాసుకొనడానికి ఊరిలోకి ఒక ఉద్యోగి వస్తాడు. అతని చేతిలో ఒక పట్టిక ఉంటుంది. కూలిన ప్రతి ఇంటికీ ఆ పట్టికలో ఒక వరుస, ఆ వరుసలో ఇంటి రకాన్ని తెలిపే ఒక గడి ఉంటాయి. ఆ గడిలో అతడు వ్రాసేది ఒక్క మాట. ఆ కుటుంబం తిరిగి ఇల్లు కట్టుకోగలదా, లేక టార్పాలిన్ కప్పిన నాలుగు కర్రల క్రింద మరుసటి తుఫాను దాకా కాలం వెళ్ళబుచ్చవలసినదేనా అన్నది ఆ ఒక్క మాటతో నిర్ణయమైపోతుంది. ఈ ఉదయం మేము మీతో ప్రధానంగా మాట్లాడదలచినది ఆ మాటను గురించే.

2022-23 నుండి 2025-26 వరకు వర్తించేటట్లుగా కేంద్ర ప్రభుత్వం విపత్తు సహాయానికి కొన్ని రేట్లు నిర్ణయించింది. వాటి ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా, మైదాన ప్రాంతాలలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాలలో 1,30,000 రూపాయలు. గుడిసెకు 8,000 రూపాయలు. గుడిసె అంటే ఏమిటి? కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయిలో, ఆకులు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలు మొదలైన వాటితో తాత్కాలికంగా వేసుకొన్నదీ, అధికారులు గుడిసెగా గుర్తించినదీ అని నిబంధనలలో ఉన్నది. ఇక మన కృష్ణా, గోదావరి లంకలలో తాత కట్టగా మనుమడు కాపురం చేస్తున్న మట్టిగోడల తాటాకిల్లు సంగతి చూడండి. అడుగున్నర మందం గోడలు, నిట్టాడు, దూలం, అరుగు అన్నీ ఉన్న ఇల్లది. అది కచ్చా ఇల్లా, గుడిసా? గోడలు చూసినవాడు ఇల్లంటాడు. కప్పు చూసినవాడు గుడిసె అంటాడు. కూలిపోయిన తరువాత గోడలు కరిగి మట్టికుప్ప అవుతాయి కనుక కప్పు ఆకులు మాత్రమే కంటికి కనబడతాయి. ఒక మాటకూ మరొక మాటకూ మధ్య తేడా 1,12,000 రూపాయలు. అంటే పదిహేను రెట్లు.

పాక్షికంగా దెబ్బతిన్న ఇళ్ళ విషయంలో చిక్కు మరొక విధమైనది. కనీసం 15 శాతం దెబ్బతింటేనే సహాయం. పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. పద్నాలుగు శాతమని వ్రాస్తే ఏమీ రాదు. కప్పు నిలిచి ఉండి, రెండు గోడలు నెర్రెలిచ్చి, మూల విడిపోయిన ఇంటిని తాపీమేస్త్రి ఎవరైనా చూస్తే "ఇందులో పడుకోవద్దు" అంటాడు. పట్టికలో మాత్రం అది పాక్షికమే. కూలగొట్టి కట్టవలసిన ఇంటికి 6,500 రూపాయలిచ్చి బాగుచేసుకొమ్మంటే ఆ యజమాని చేయగలిగేది ఒక్కటే: నెర్రెలను సిమెంటుతో పూడ్చి, సున్నం కొట్టించి, లోపలికి పోయి పడుకొంటాడు.

ఆ ఉద్యోగిని మనం శత్రువుగా చూడరాదు. అతడు కూడా ఏదో ఒక ఉద్యోగ సంఘంలో సభ్యుడే. బురదలో కాలినడకన తిరుగుతూ, వందల ఇళ్ళు కొద్ది రోజులలో ముగించవలసిందని పైనుండి ఒత్తిడి పడుతుంటే, గోడ మందం కొలవడానికి అతనికి తీరికెక్కడిది? అతనితోపాటు ఇళ్ళ నిర్మాణం తెలిసిన మనిషి ఒకడుండాలి. ఆ మనిషిని మనం పంపించాలి. మన డిమాండులలో ఇది మొట్టమొదటిది. పట్టిక పూర్తయిన మీదట దానిని గ్రామసభలో చదివి వినిపించాలనీ, అభ్యంతరాలకు గడువివ్వాలనీ కోరడం రెండవది.

ఇక్కడ మా తప్పును కూడా ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేళ్ళ క్రిందట తీరప్రాంతంలోని ఒక ఊరికి తుఫాను మరునాడే మేము నలభై మందిమి వెళ్ళాము. యువకులందరూ మంచి ఉత్సాహంలో ఉన్నారు. రెండు రోజులు రాత్రింబవళ్ళు శ్రమించి, కూలిన ఇళ్ళ శిథిలాలు ఎత్తి, పనికివచ్చే వాసాలు ఒక పక్క, విరిగిన పెంకులు మరొక పక్క పేర్చి, వీధులు శుభ్రం చేశాము. ఊరివారు దీవించారు. మేము తిరిగి వచ్చిన తరువాత లెక్కలు వ్రాసేవారు వచ్చారు. వారికి కనబడినవి చదునైన ఖాళీ స్థలాలు. "ఇక్కడ ఇల్లుండేదా? ఎంత గోడ? ఏ కప్పు?" అని అడిగితే చూపించడానికి ఆ కుటుంబాల వద్ద ఏమీ మిగలలేదు. చాలా మందికి గుడిసె అని వ్రాసుకొని వెళ్ళారు. మరుసటి నెలలో ఒక వృద్ధురాలు మమ్మల్ని చూసి "నా గోడలు మీరే కదా నాయనా ఎత్తుకుపోయింది" అన్నది. ఆమె కోపంగా అనలేదు, ఉన్న విషయం ఉన్నట్లు చెప్పింది. ఆనాటి నుండి మేము పెట్టుకొన్న నియమం ఇది: ప్రాణాపాయం ఉన్నచోట తప్ప, ఫొటో తీయకుండా, గోడ పొడవు, మందం, కప్పు రకం కాగితం మీద వ్రాసి ఇరుగుపొరుగుల చేత సంతకాలు పెట్టించకుండా, ఒక్క ఇటుకను కూడా కదిలించరాదు. ఈనాడు ప్రతి ఇంటిలోనూ ఫొటో తీసే ఫోను ఉన్నది. నాలుగు దిక్కుల నుండి నాలుగు, ఇంటి మనుషులను ముందు నిలబెట్టి ఒకటి తీయడానికి పది నిమిషాలు పట్టదు. విరిగిన ఇటుకలో ఒకటి, కప్పు పెంకులో ఒకటి దాచి ఉంచమని కూడా చెబుతున్నాము.

ఇక కాగితాల సంగతి. పైన చెప్పిన నిబంధనలలోనే, దెబ్బతిన్న ఇల్లు అనుమతి పొందిన కట్టడమని రాష్ట్ర ప్రభుత్వపు తగిన అధికారి ధృవీకరించాలన్న షరతు ఉన్నది. కాలువగట్టు మీద, పోరంబోకు భూమిలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఇళ్ళలో ఎన్నింటికి అనుమతి ఉంటుంది? ఉప్పెనకు మొదట కొట్టుకుపోయేవి అవే. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయిన నాడు కూడా సముద్రానికి దగ్గరగా, మట్టి గోడల మధ్య నివసించినవారే ముందుగా బలి అయ్యారు. భూమి కాగితం ఉన్నవాడే యజమాని అని లెక్కించే పద్ధతి మన దేశానికే పరిమితమైనది కాదు. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపం తరువాత నేపాల్‌లో ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు మూడు వాయిదాలలో ఇస్తామన్నారు. అయితే భూమి హక్కుపత్రమైన లాల్‌పుర్జా లేనివారు, తరతరాలుగా ఇతరుల భూమిలో ఇల్లు వేసుకొన్నవారు ఆ జాబితాలోకి ఎక్కడానికి నానా యాతన పడ్డారు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ మరొక పాఠం నేర్పింది. తమిళనాడులో తీరానికి 200 మీటర్ల లోపల ఇల్లు కోల్పోయినవారికి లోపలి ప్రాంతంలో లక్షన్నర రూపాయల విలువగల కొత్త ఇల్లు ఇస్తామనీ, పాత స్థలాన్ని మాత్రం వదులుకోవాలనీ ప్రభుత్వం ప్రకటించింది. వదలనివారు తమ ఖర్చుతో బాగుచేసుకోవచ్చు, సహాయం మాత్రం రాదు. వల వేసేవాడికి సముద్రం ఇంటి ముంగిలి వంటిది. ఆ ముంగిలిని అప్పగిస్తేనే ఇల్లు అన్నారన్నమాట. శ్రీలంకలో దక్షిణాన 100 మీటర్లు, ఈశాన్యంలో 200 మీటర్లు నిషిద్ధ ప్రాంతమని తొలుత గీత గీశారు. జాలరులను ఆపిన ఆ గీత హోటళ్ళ దగ్గర మెత్తబడింది. విమర్శలు చెలరేగిన మీదట దానిని సడలించవలసి వచ్చింది. తీరం ప్రమాదకరమైన చోటు కాదని మేము అనడం లేదు. ప్రమాదం అందరికీ ఒకటే అయినప్పుడు గీత కూడా అందరికీ ఒకటే కావాలని అంటున్నాము. తమిళనాడు ఉత్తర్వులలో మెచ్చుకోవలసిన విషయం కూడా ఉన్నది. కొత్త ఇంటి పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఇచ్చారు. ఈ ఒక్క విషయాన్ని ప్రతి చోటా మనం అడిగి సాధించాలి.

అద్దెకున్నవారిని ఇంకా ఎవరూ సరిగా పట్టించుకోలేదు. 2001 భూకంపం తరువాత భుజ్ పాత నగరంలో వీధులు వెడల్పు చేయడానికి యజమానుల స్థలాలలో కొంత భాగం తీసుకొన్నారు. చిన్న స్థలాలకు కోత లేకుండా, స్థలం పెద్దదైన కొద్దీ కోత పెరిగేటట్లు పెట్టారు; ఇది న్యాయమే. కాని ఆ మేడలలో తరాల తరబడి అద్దెకున్న కుటుంబాలకు స్థలమూ లేదు, వాటా కూడా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్రింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రకటించింది. తడిసిన మంచం, పాడైన కుట్టుమిషను ఎవరివో, డబ్బు వారికి చేరిందా అన్నది ఇటువంటప్పుడు ఇంటింటికీ తిరిగి చూడవలసిన విషయం. యజమాని గోడల నష్టం వేరు, కాపురమున్నవాడి సామాను నష్టం వేరు. రెంటినీ ఒకే వరుసలో వ్రాస్తే ఇద్దరి మధ్య తగాదా పెట్టినట్లవుతుంది.

న్యాయం గురించి ఇంకొక్క ఉదాహరణ చెప్పి భద్రత విషయానికి వస్తాము. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాలలో భూమి కంపించి ఎనిమిది వేల మంది వరకు మరణించారు. ఆ తరువాత 52 గ్రామాలను కొత్త చోట్ల కట్టించారు. కొత్త ఇంటి వైశాల్యాన్ని నిర్ణయించిన కొలబద్ద ఏమిటో తెలుసునా? భూమి. భూమి లేనివారికీ, హెక్టారు లోపు ఉన్నవారికీ 250 చదరపు అడుగులు. ఏడు హెక్టార్ల వరకు ఉన్నవారికి 400. అంతకు మించి ఉన్నవారికి 750. భూకంపానికి ముందు ఎవరెంత ఎత్తున ఉన్నారో తరువాత కూడా అంతే ఎత్తున ఉండేటట్లు సర్కారువారే గోడలు కట్టించి ఇచ్చారు. కుటుంబంలో మనుషులెందరు అన్న ప్రశ్న ఈ కొలబద్దలో లేదు.

ఆ ఇళ్ళు ఎందుకు కూలాయి? ఈ ప్రశ్నకు సమాధానం మన వృత్తిలో ఉన్నది కనుక జాగ్రత్తగా వినండి. ఆ ప్రాంతంలో గోడలు రెండు మూడు అడుగుల మందాన రాతితో, మట్టి అడుసుతో కట్టేవారు. మందం ఎక్కువ కనుక గట్టిదని అందరి నమ్మకం. నిజానికి అది ఒక గోడ కాదు, రెండు గోడలు. బయటి ముఖం ఒక వరుస, లోపలి ముఖం ఒక వరుస, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. ఈ ముఖం నుండి ఆ ముఖం దాకా పట్టుకొనే పొడవాటి రాయి ఎక్కడా లేదు. నేల ఊగగానే ఆ రెండు వరుసలూ విడిపోయి, పైనున్న మందపాటి మట్టి మిద్దె బరువంతా నిద్రపోతున్నవారి మీద పడింది. కొన్ని అడుగులకొకటి చొప్పున అడ్డంగా పొడవు రాయి పెట్టి, మూలల్లో రాళ్ళను ఒకదానిలో ఒకటి కలిపి కట్టి, తలుపుల పై ఎత్తున ఇంటి చుట్టూ తెగకుండా ఒక కాంక్రీటు పట్టీ పోసి ఉంటే ఎందరో బ్రతికేవారు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. తెలిసిన చెయ్యి కావాలి, అంతే.

అందువల్లనే గుజరాత్ అనుభవం మనకు ముఖ్యమైనది. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో రెండు లక్షలకు పైగా ఇళ్ళు నేలమట్టమైనాయి. చనిపోయినవారు 13,800 మందికి పైగా అని ప్రభుత్వ లెక్క. లాతూరు వలె ఊళ్ళకు ఊళ్ళు తరలించే ప్రతిపాదన వచ్చినప్పుడు అత్యధిక గ్రామాలు కాదన్నాయి. మా స్థలంలో మేమే కట్టుకొంటామన్నాయి. ప్రభుత్వం ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోనే మూడు వాయిదాలలో డబ్బు వేసింది. ఇంజనీరు వచ్చి చూసి, పని నియమాల ప్రకారం జరిగిందని ధృవీకరించిన మీదటనే తరువాతి వాయిదా. వేలాది తాపీ పనివారికి శిక్షణ ఇచ్చారు. గుత్తేదారు కట్టిన ఇల్లయితే అందులో చేరబోయేవాడు చివరి రోజున తాళం తీసుకోవడానికి వస్తాడు. ఇక్కడ మాత్రం ఇసుక జల్లెడ పట్టిన దగ్గర నుండి ఇంటావిడ నిలబడి చూసింది. సిమెంటు ఎన్ని తట్టలు, ఇసుక ఎన్ని తట్టలు అని ఆమె లెక్కపెడుతుంటే ఏ మేస్త్రీ మోసం చేయలేడు. చేయవలసిన అవసరం కూడా రాదు.

ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. వాయిదా పద్ధతిలో మొదటి వాయిదా అన్నానికీ మందులకూ ఖర్చయిపోతే పునాది లేవదు. పునాది లేవనిదే రెండవ వాయిదా రాదు. చేతిలో కొంత సొమ్మున్నవాడికి సులువుగా సాగే పద్ధతి ఇది. ఒంటరి స్త్రీలు, వృద్ధులు, వలస వెళ్ళినవారి కుటుంబాలు మధ్యలో ఆగిపోతారు. నేపాల్‌లో కట్టగల యువకులలో ఎందరో గల్ఫ్ దేశాలలో కూలికి ఉండిపోగా ఊళ్ళలో మేస్త్రీలే దొరకలేదు. పునర్నిర్మాణ సంస్థ ఏర్పడడానికే ఎనిమిది నెలలు పట్టింది. పాకిస్తాన్‌లో 2005 అక్టోబరు 8 నాటి భూకంపం తరువాత ఇంటికి 1,75,000 పాకిస్తానీ రూపాయలు ఇచ్చారు కాని, చెక్క చట్రంలో రాళ్ళూ మట్టీ నింపి కట్టే 'ధజ్జీ' అనే స్థానిక పద్ధతిని తొలుత ఆమోదించలేదు. కొండ మీదికి సిమెంటు మోయలేక జనం అవస్థ పడ్డారు. ఆ పద్ధతిలో కట్టిన పాత ఇళ్ళే భూకంపానికి నిలిచాయని గమనించిన మీదట, తరువాతి సంవత్సరం అనుమతించారు. ఇంజనీరు పుస్తకంలో లేనంత మాత్రాన మేస్త్రీ చేతిలోని విద్య విద్య కాకుండా పోదు.

మేస్త్రీ కూలి విషయం సంఘంగా మనం దాచకుండా మాట్లాడుకోవాలి. విపత్తు తరువాత ఒక్కసారిగా వేల ఇళ్ళ పని వచ్చి పడుతుంది. కూలి పెరుగుతుంది. పెరగడం తప్పు కాదు. మన సభ్యుడి ఇల్లు కూడా కూలి ఉంటుంది, అతని పిల్లలూ ఆకలితోనే ఉంటారు. కాని సహాయంగా వచ్చిన లక్షా ఇరవై వేలలో ఎంత కూలికి పోతుందో తెలియక ఇంటివాడు కప్పు దగ్గర ఆగిపోతే, ఆ మిగిలిపోయిన గోడలు మన వృత్తికే అపకీర్తి. పనిని బట్టి కూలిరేటును పంచాయతీ కార్యాలయం ముందు బోర్డు మీద వ్రాయించి, రెండు పక్షాలూ దానికి కట్టుబడేటట్లు చూడడం మేలని మా అనుభవం. మధ్యలో చేరి మనుషులను సరఫరా చేసి ఇద్దరి దగ్గరా కమీషను కొట్టే దళారీకి అప్పుడే చోటుండదు. సిమెంటు, ఇనుము ధరల మీద ప్రభుత్వం కన్నువేసి ఉంచాలని కూడా అడగాలి. కూలి పది రూపాయలు పెరిగితే గగ్గోలు పెట్టేవారు, బస్తా ధర పెరిగితే గిరాకీ అంటారు.

శిథిలాల దగ్గర పనిచేసేవారి ప్రాణరక్షణ గురించి కొన్ని మాటలు చెప్పాలి. వరద తీసిన ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపకుండా ఎవరూ అడుగు పెట్టరాదు. జనరేటరు తెచ్చుకొన్న యజమాని దానిని ఇంటి వైరింగుకు నేరుగా కలిపితే విద్యుత్తు వెనుకకు ప్రవహించి, లైను ఆగిపోయిందనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపుతుంది. విద్యుత్ ఉద్యోగుల సంఘ మిత్రులు దీనిని ప్రతి ఊరిలోనూ దండోరా వేయించాలి. మట్టి గోడలు నీట నానినప్పుడే కాక, నీరు తీసి ఎండ కాసిన తరువాత కూడా కూలుతుంటాయి. పొడిగా కనబడింది కదా అని ఆనుకొని పడుకోరాదు. విరిగిన ఆస్బెస్టాస్ రేకులను సుత్తితో కొట్టి ముక్కలు చేయడం, పొడిగా ఊడ్వడం మానాలి. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏళ్ళ తరువాత ప్రాణాంతకమవుతుంది. నీళ్ళు చల్లి, ఉన్న రేకును ఉన్నట్లే దించి, కప్పి ఉంచాలి. ఉప్పెన ముంచిన ఊళ్ళలో బావినీరు ఉప్పగా మారుతుంది. ఆ నీటితో, సముద్రపు ఇసుకతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పట్టి కొద్ది సంవత్సరాలలోనే శ్లాబు పెచ్చులూడుతుంది. ఇంటివాడు తొందరపెట్టినా మన మేస్త్రీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోరాదు.

బీమా ఉన్న సభ్యులు కొద్దిమందే. ఇంటి రుణం తీసుకొన్న ఉద్యోగులలో చాలా మందికి పాలసీ ఉన్నదన్న సంగతే తెలియదు. ముందు బ్యాంకులో విచారించండి. 2021 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో భూకంపం, తుఫాను, వరద చేరి ఉన్నాయి. ఇంటి విలువ తక్కువగా వ్రాయించారన్న కారణం చూపి నష్టపరిహారాన్ని ఆ మేరకు కోసే పాత ఆచారం అందులో లేదు. కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలియజేయండి. సర్వేయరు వచ్చిన రోజు, అతడు చూసిన గదులు వ్రాసిపెట్టుకోండి. ఖాళీ కాగితం మీద, 'పూర్తి పరిష్కారం' అని ఉన్న కాగితం మీద తొందరపడి సంతకం చేయకండి. కంపెనీ తిరస్కరిస్తే ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు.

మీ ముందున్న కాగితం మేము తయారుచేసిన నమూనా. ఇంటి యజమాని పేరు, కాపురమున్నవారి పేరు వేరువేరుగా వ్రాయడానికి అందులో గడులున్నాయి. గోడ రకం, మందం, కప్పు, పునాది, అరుగు, ఎన్నేళ్ళ నాటిది, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇద్దరు పొరుగువారి సంతకాలు వ్రాయవలసిన చోట్లున్నాయి. తుఫాను వచ్చేదాకా ఆగకుండా, అక్టోబరు లోపలనే మీ మీ ఊళ్ళలో కాలువగట్ల మీద, లంకలలో ఉన్న ఇళ్ళకు ఇది పూర్తిచేసి, ఒక ప్రతి ఆ ఇంటివారికి, ఒక ప్రతి సంఘానికి ఉంచండి. నిలిచి ఉన్న ఇల్లు గుడిసె కాదని నిరూపించడం తేలిక. భోజనాల అనంతరం పెరటిలో రాతి గోడ మూల ఒకటి కట్టి చూపడానికి మన తాపీ మిత్రులు సిద్ధంగా ఉన్నారు. ఇనుప రింగు కొసలను లోపలికి వంచే పద్ధతి కూడా అక్కడే చూపుతారు. గుమాస్తా ఉద్యోగాలలో ఉన్నవారితో సహా అందరూ రావాలి, చేతులు అడుసులో పెట్టాలి.